మంత్రి గారూ, సెన్సార్ ఇచ్చిన మొదటి అంకెను చెరపనివ్వకండి

పర్యావరణ శాఖ మంత్రి గారికి నమస్కారం.

గాలి, నీళ్ల నాణ్యత కొలిచే ఆటోమేటిక్ స్టేషన్ల నుంచి వచ్చే డేటాను సరిచూడటం నా ఉద్యోగం. చాలా ఏళ్లుగా ఇదే పని. ఇంకొన్ని కొత్త స్టేషన్లు, అన్నిటినీ ఒకేచోట చూపించే డాష్‌బోర్డ్, దాని వెనక కృత్రిమ మేధ వస్తాయని వింటున్నాను కాబట్టి, టెండర్ ఖరారు కాకముందే మీకు ఒక మాట చెప్పుకోవాలని రాస్తున్నాను.

సెన్సార్ ఇచ్చిన మొదటి అంకెను ఎవరూ చెరపకూడదు. సరిదిద్దండి, పక్కన పెట్టండి, ఇది తప్పు అని పక్కనే రాయండి, కానీ చెరపొద్దు.

ఒకరోజు తెల్లవారుజామున నా స్క్రీన్ మీద ఎర్ర అలర్ట్ వచ్చింది. నదిలో కరిగిన ఆక్సిజన్ లీటరుకు 3 మిల్లీగ్రాముల కిందికి పడిపోయిందట, అంటే చాలా చేపలకు ఊపిరాడని పరిస్థితి. టెన్షన్‌తో పరిగెత్తాం. ప్రోబ్ (నీళ్లలో ముంచి ఉంచే సెన్సార్ కడ్డీ) పైకి లాగి చూస్తే కొన అంతా పచ్చటి నాచు, జిగురు. మెత్తటి బ్రష్‌తో కడిగి మళ్లీ దింపితే పది నిమిషాల్లో రీడింగు 6 దాటింది. నాచు పగలు ఎండలో ఆక్సిజన్ వదులుతుంది, రాత్రి పీల్చుకుంటుంది, అందుకని ఆ ప్రోబ్ నది సంగతి మానేసి తనకు అంటుకున్న నాచు సంగతి చెబుతోంది. అది పెద్ద విషయం కాదు, నీళ్లలో ఉన్న పరికరానికి నాచు పట్టక మానదు. నన్ను బాధపెట్టింది ఆ తర్వాత జరిగింది. ఆ వారం రీడింగులన్నీ సాఫ్ట్‌వేర్ తీసేసి, ముందు అంకెకీ తర్వాతి అంకెకీ మధ్య గీత గీసినట్టు కొత్త అంకెలు నింపేసింది. నెల రిపోర్టులో ఆ వారం కూడా నిజంగా కొలిచినట్టే ఉంది. పదేళ్ల తర్వాత ఎవరైనా తీసి చూస్తే, అక్కడ ఏం జరిగిందో తెలుసుకునే దారే లేదు.

గాలి విషయంలో ఇది ఇంకా ప్రమాదం. ఒక రోజులో 20 గంటలు పీఎం 2.5, అంటే గాలిలోని అతి సన్నటి ధూళి, ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు, 4 గంటలు 300 ఉందనుకోండి. ఆ రోజు సగటు 100. ఆ 4 గంటలు "అసాధారణం" అని ప్రోగ్రామ్ పక్కన పెడితే సగటు 60కి దిగిపోతుంది. జనం ఎక్కువ పొగ పీల్చిన గంటలే లెక్కలోంచి పోతాయి! 24 గంటల సగటు 15 దాటకూడదని 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు ముందు రెండూ చెడ్డ అంకెలే, కానీ ఆ రోజు ఏం చర్య తీసుకోవాలో ఈ తేడా మీదే ఆధారపడుతుంది.

ఓజోన్ రంధ్రం కథ మీకు తెలిసే ఉంటుంది. 1985లో ఫార్మన్, గార్డినర్, షాంక్లిన్ అనే ముగ్గురు బ్రిటిష్ శాస్త్రవేత్తలు అంటార్కిటికాలోని హ్యాలీ స్టేషన్‌లో నేల మీది పరికరంతో తీసిన రీడింగులు చూపించి, ఓజోన్ దారుణంగా తగ్గుతోందని ప్రకటించారు. పైన నింబస్-7 ఉపగ్రహం కూడా దాన్నే కొలుస్తోంది, కానీ 180 డాబ్సన్ యూనిట్ల (ఓజోన్‌ను కొలిచే లెక్క) కన్నా తక్కువ వస్తే అనుమానించాలని దాని ప్రోగ్రామ్‌లో రాసి ఉంది. ఆ రీడింగులు అనుమానపు గుర్తుతో ఉన్నా చెరిగిపోలేదు కాబట్టే, వాటితోనే ఆ రంధ్రం ఎంత పెద్దదో తేల్చగలిగారు. 1987లో ఓజోన్‌ను దెబ్బతీసే రసాయనాలను అరికట్టే మాంట్రియల్ ఒప్పందం వచ్చింది. చెరిపేసి ఉంటే?

కంప్యూటర్ వద్దని నేను అనటం లేదు. లేజర్ కాంతితో ధూళిని లెక్కపెట్టే చవక సెన్సార్లు తేమ ఎక్కువైతే ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి, ఎందుకంటే ధూళి కణాలు నీళ్లు పీల్చి ఉబ్బుతాయి. అలాంటి సెన్సార్‌ను కొన్ని వారాలు మంచి ప్రామాణిక పరికరం పక్కన పెట్టి, తేమనీ ఉష్ణోగ్రతనీ కలిపి లెక్క కట్టిస్తే ప్రోగ్రామ్ ఆ తప్పును చాలావరకు సరిచేస్తుంది. వందల సెన్సార్లలో ఏది పక్కదారి పట్టిందో మనిషికంటే ముందే పట్టేస్తుంది. ఇవన్నీ చేయించండి. కానీ ముడి అంకె ఒక వరసలో, సరిదిద్దిన అంకె ఇంకో వరసలో, ఎందుకు సరిదిద్దారో పక్కన, చివరిసారి క్యాలిబ్రేషన్ (సెన్సార్‌ను ప్రామాణిక కొలతతో పోల్చి సరిచేయడం) ఎప్పుడు జరిగిందో తేదీతో సహా జనానికి కనిపించాలి. మోడల్ ఊహించి ఇచ్చిన అంకెకు "అంచనా" అని రాసి తీరాలి, అది కొలత కాదు.

ఇంకొకటి, టెండర్‌లో డబ్బు ఎన్ని పెట్టెలు బిగించారన్న దాన్ని బట్టి ఇవ్వకండి, పనికొచ్చే డేటా ఎన్ని గంటలు వచ్చిందన్న దాన్ని బట్టి ఇవ్వండి. అలా అని ఖాళీలు నింపిన గంటలు అందులో కలపనివ్వకండి. బ్రష్ పట్టుకుని నదిలోకి దిగే టెక్నీషియన్ జీతం మొదటి రోజు నుంచే బడ్జెట్‌లో ఉండాలి, అతను లేకపోతే ఏ ప్రోగ్రామూ ఆ నాచును తుడవలేదు.

అన్ని స్టేషన్లూ ఒకేసారి కుదరదంటే ఒక్కదానితో మొదలుపెట్టండి. గత ఏడాది ముడి రీడింగులు, క్యాలిబ్రేషన్ రికార్డులు, తీసేసిన గంటలు, తీసేసిన కారణాలు మొత్తం బయట పెట్టించండి. సరిచూసే పని ఉచితంగా చేసి పెట్టడానికి నాలాంటి వాళ్లం సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
డేటా సరిచూసే ఒక ఉద్యోగి