వార్షిక నివేదిక 2025: కాలనీ సంక్షేమ సంఘం, గుంటూరు

సభ్యులందరికీ నమస్కారం.

సంక్రాంతి ముగ్గుల పోటీ, దసరా అన్నదానం, డ్రైనేజీ పనులు ఈ ఏడాదీ సక్రమంగా జరిగాయి. జమాఖర్చుల పట్టిక విడిగా అందజేస్తున్నాం. ఇక్కడ ఎక్కువ చోటు మన ఆదివారం న్యాయ సలహా కేంద్రానికి ఇవ్వాలని కార్యవర్గం అనుకుంది. దాన్ని నడుపుతున్న మన లాయరు గారు తన పేరు రాయొద్దని గట్టిగా చెప్పారు కాబట్టి రాయడం లేదు.

ఇప్పుడున్న మోటారు వాహనాల చట్టం 1989 జూలై 1న అమల్లోకి వచ్చింది. ఆ కొత్తలోనే ఆయన నల్లకోటు వేసుకున్నారు. అప్పటి నుంచీ యాక్సిడెంటు కేసులే చూస్తున్నారు. మన పక్కనే 16వ నంబరు జాతీయ రహదారి ఉంది, మిర్చి యార్డుకు వచ్చే లారీలున్నాయి, కోతలకు ట్రాక్టరు ట్రక్కుల్లో వెళ్లే కూలీలున్నారు. ఆయనకు ఎక్కువ బాధ కలిగించేది ఆ కూలీల సంగతే. సరుకు బండిలో ఊరికే ఎక్కి వెళ్లినవాళ్లకు బీమా కంపెనీ బాధ్యత ఉండదని సుప్రీంకోర్టు 2002లోనే తేల్చింది. బండి తిరగబడితే పరిహారం బండి యజమాని దగ్గర వసూలు చేసుకోవాల్సిందే, ఆయన దగ్గర ఉంటే. అందుకే ఈ ఏడాది కోతల ముందు ఆయన మేస్త్రీలను పిలిపించి, ప్యాసింజరు ఆటో మాట్లాడుకోండని ఒక్కొక్కరికీ నచ్చజెప్పారు.

మన వీధిలోని ఒక చెల్లెమ్మ విషయం ఆమె అనుమతితో రాస్తున్నాను. భర్త సెంట్రింగ్ పని చేసేవాడు, వయసు 34. లారీ గుద్ది చనిపోయాడు. జీతం కాగితం లేదు, బ్యాంకులో వేసుకున్నదీ లేదు. ఆసుపత్రి దగ్గరే ఎవరో మధ్యవర్తి ఖాళీ కాగితాల మీద సంతకాలు అడిగాడట, వచ్చిన దాంట్లో వాటా అన్నాడట. లాయరు గారు ఆమెను కూర్చోబెట్టి, ఇంత శాతం అని ఫీజు మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నిబంధనలకే విరుద్ధమని ముందు చెప్పారు. తర్వాత కిరాణా చీటీ వెనక లెక్క వేశారు. నెలకు 12,000 సంపాదన అనుకుందాం. 40 ఏళ్ల లోపు వాడు కాబట్టి, స్వంత పని చేసుకునేవాడైనా, భవిష్యత్తులో పెరిగే సంపాదన కోసం 40 శాతం కలపాలి: 16,800. ఇంట్లో ఆధారపడ్డవాళ్లు నలుగురు, కాబట్టి అతని సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తే 12,600. దాన్ని 12 నెలలకు, ఆ వయసుకు కోర్టులు పెట్టిన గుణకం 16కు గుణిస్తే 24,19,200. అంత్యక్రియల ఖర్చు లాంటివి వేరే. మొత్తం మూడు లక్షలకు ఒప్పుకోమని బంధువులే చెబుతున్న రోజులవి. ఆ చీటీని ఆమె ఇప్పటికీ రేషన్ కార్డులో పెట్టుకుని తిరుగుతోంది. కేసు ట్రిబ్యునల్‌లో, అంటే ప్రమాద పరిహారాలు తేల్చే కోర్టులో, నడుస్తోంది.

ఇంకో మాట, ఇది నేను కళ్లారా చూసి నేర్చుకున్నది. మందుల షాపు వాళ్లిచ్చే మెషిన్ బిల్లుల మీద అచ్చు కొన్నాళ్లకే చెరిగిపోతుంది. మా ఇంట్లో ఒక కాలు విరిగిన కేసులో సగం బిల్లులు తెల్ల కాగితాలైపోయాయి, కోర్టులో చూపించడానికి ఏమీ మిగల్లేదు. తెచ్చుకున్న రోజే జిరాక్స్ తీయించండి. ఎఫ్‌ఐఆర్ కాపీ, వూండ్ సర్టిఫికెట్ (గాయాల గురించి ఆసుపత్రి ఇచ్చే కాగితం) కూడా అప్పటికప్పుడే తీసుకోండి. 2022 ఏప్రిల్ 1 నుంచి, పరిహారం కేసు వేయడానికి ప్రమాదం జరిగిన రోజు నుంచి ఆరు నెలల గడువు పెట్టారు. దాన్ని సవాలు చేస్తూ సుప్రీంకోర్టులో కేసులున్నాయి కాబట్టి గడువు దాటినా ఆశ వదులుకోవద్దు. అలాగని ఆలస్యమూ చేయొద్దు.

ఈ మే నెలలో కేంద్రం ప్రకటించిన నగదు రహిత చికిత్స పథకం గురించి ఆటో స్టాండులో లాయరు గారు రెండుసార్లు చెప్పారు. ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజుల వరకు, మనిషికి లక్షన్నర దాకా ఈ పథకం వర్తిస్తుంది. గాయపడ్డవాళ్లను మంచి మనసుతో ఆసుపత్రికి తీసుకెళ్లినవాళ్ల మీద కేసు పెట్టకూడదని, పేరు చెప్పమని బలవంతం చేయకూడదని చట్టంలో 134-ఎ సెక్షన్ ఉందని చెప్పినప్పుడు, వెనక నిలబడ్డ ఒక డ్రైవరు "ఇన్నాళ్లూ ఆ టెన్షన్‌తోనే బండి ఆపకుండా పోయాను సార్" అన్నాడు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

వచ్చే ఏడాదీ ఆదివారం ఉదయం 10 గంటలకు హాలు తెరుస్తాం. ఫీజు లేదు. లాయరును పెట్టుకునే స్తోమత లేనివాళ్ల దరఖాస్తులు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు మేమే రాసి పెడతాం. వాళ్ల ఉచిత ఫోన్ నంబరు 15100. ఏ కాగితం ఉన్నా, చిరిగినదైనా సరే, పట్టుకురండి.

కార్యదర్శి