వాస్తు లెక్క సరే, నీళ్ల లెక్క ఏది?

సంపాదకులు గారికి నమస్కారం.

ఆ మధ్య మీ ఆదివారం పేజీల్లో ఇంట్లో అక్వేరియం ఏ మూల పెట్టుకుంటే కలిసొస్తుందో, అందులో ఎన్ని చేపలు ఉండాలో ఒక వ్యాసం వేశారు. ఈశాన్యమా, ఉత్తరమా అన్నది నేను మాట్లాడను, ఎవరి నమ్మకం వాళ్లది. కానీ ఎనిమిది గోల్డ్ ఫిష్‌లు, దిష్టి తగలకుండా ఒక నల్లది, వెరసి తొమ్మిది అని లెక్క చెప్పినవాళ్లు ఆ తొమ్మిదీ ఎన్ని లీటర్ల నీళ్లలో బతకాలో ఒక్క ముక్క కూడా రాయలేదు. అది చదివి మా సత్యనారాయణపురంలోనే తెలిసినవాళ్లు రెండడుగుల ట్యాంకు కొని, ఆ సాయంత్రమే తొమ్మిదింటినీ అందులోకి దింపేశారు. చాలా ఏళ్లుగా ఇంట్లో చేపలు పెంచుతున్నదాన్ని కాబట్టి చుట్టుపక్కల ఎవరింట్లో చేప తేలినా ఫోను నాకే వస్తుంది, అందుకే ఈ ఉత్తరం.

రెండడుగుల ట్యాంకు అంటే పొడవు రెండడుగులు, వెడల్పు అడుగు, ఎత్తు అడుగు. అంచు దాకా పోస్తే 56 లీటర్లు. కింద గ్రావెల్ పరిచి పైన రెండు వేళ్లు ఖాళీ వదిలితే 45 మిగిలితే గొప్ప. ఇక గోల్డ్ ఫిష్ అంటారా, అది మన బంగారుతీగకి చుట్టం. కొట్లో చూసినప్పుడు రెండంగుళాలే ఉంటుంది, సరిగ్గా పెంచితే గుండ్రటి రకాలు ఆరేడు అంగుళాలు, పొడుగు రకాలు అడుగు దాకా పెరుగుతాయి, పదేళ్ల పైనే బతుకుతాయి. దానికి జీర్ణాశయం ఉండదు, తిన్నది నేరుగా పేగుల్లోకే పోతుంది, అందుకే ఎంత వేసినా ఇంకా కావాలన్నట్టే తిరుగుతుంది, తిన్నంతా నీళ్లలోనే వదులుతుంది. పైగా అది చల్లటి నీళ్ల చేప, 20 డిగ్రీలకి అటూ ఇటూ ఉంటే దానికి హాయి. మే నెలలో బెజవాడలో ఏసీ లేని హాల్లో ట్యాంకు నీళ్లు 32 దాటినా ఆశ్చర్యం లేదు, నీళ్లు వేడెక్కే కొద్దీ వాటిలో ఆక్సిజన్ తగ్గిపోతుంది, సరిగ్గా అప్పుడే కరెంటు పోయి ఎయిర్ పంపు ఆగిందనుకోండి, తొమ్మిది గోల్డ్ ఫిష్‌లు 45 లీటర్లలో ఏం చేస్తాయి? కొత్తగా మొదలుపెట్టేవాళ్లు, అందులోనూ మన ఊళ్లో, మొదట తెచ్చుకునే చేప ఇది కానే కాదు. గుండ్రటి గాజు బౌల్‌లో అయితే అసలు వద్దు.

నాకు విచిత్రంగా అనిపించేది ఇంకొకటి. మనకి రెండు గంటల దూరంలోనే కైకలూరు, కొల్లేరు చెరువులున్నాయి. అక్కడి రైతు చేపపిల్ల వదిలేముందు నీళ్లు పరీక్ష చేయించుకుంటాడు, ఎకరానికి ఎన్ని పిల్లలో లెక్క వేసుకుంటాడు, తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే పరుగెత్తి నీళ్లలోకి గాలి కలిపే ఏరియేటర్లు వేస్తాడు. అమ్మోనియా అన్న మాట అక్కడ టీ కొట్టు బల్ల మీద కూడా వినపడుతుంది. అదే బెజవాడలో ట్యాంకు, నీళ్లు, చేపలు అన్నీ ఒకే రోజు, ఒకే బిల్లు మీద ఇంటికి వచ్చేస్తాయి.

చేప విసర్జించినదీ, తినకుండా మిగిలిన మేతా కుళ్లి అమ్మోనియా అవుతుంది. దాన్ని ఒక రకం బాక్టీరియా నైట్రైటుగా, మరో రకం నైట్రేటుగా మారుస్తాయి. మొదటి రెండూ చేపకి విషమే, మూడోది కొంతవరకు పరవాలేదు, వారానికి పావు వంతు నీళ్లు మారిస్తే సరిపోతుంది. ఈ బాక్టీరియా ఫిల్టర్ స్పాంజిలో నిలదొక్కుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఎవరి పాత ట్యాంకులోనైనా వాడుతున్న స్పాంజి ముక్క దొరికితే ఇంకా తొందరగా అవుతుంది. కొత్త ట్యాంకులో మొదటి రెండు వారాల్లోనే చేపలు వరసగా పోతుంటే అది దిష్టీ కాదు, కొట్టువాడి మోసమూ కాదు, చాలాసార్లు ఇదే. ఆ టెన్షన్‌లో మనవాళ్లు చేసే పని స్పాంజిని కొళాయి కింద పెట్టి తెల్లగా మెరిసేలా ఉతికేయడం, దాంతో క్లోరిన్ తగిలి ఉన్న బాక్టీరియా కూడా పోతుంది. ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే రెండుసార్లు పిండితే చాలు.

ఇక ఏ చేపతో ఏ చేప. కొట్లోకెళ్లి మనం అడిగేదేమిటి, "తొందరగా చావనివి, రంగురంగులవి కలిపి ఇవ్వండి" అని. ఆయన ఉన్నవాటిలోంచి నాలుగు రకాలు వల పెట్టి తీసి కవర్లో కడతాడు. ఆ కవర్లో ఒక ఫైటర్, రెండు గప్పీలు, రెండు టైగర్ బార్బ్‌లు, ఒక ఏంజెల్ ఉన్నాయనుకోండి, ఇంటికి రాకముందే గొడవ ఖాయం. ఫైటర్ మగది గప్పీ తోక చూసి ఇంకో మగ ఫైటరనుకుని మీద పడుతుంది. టైగర్ బార్బ్‌లు ఆ ఫైటర్ రెక్కల్నీ, ఏంజెల్ పొడుగు రెక్కల్నీ పీకి పెడతాయి, అవి ఎనిమిది పది కలిసి ఉంటే తమలో తాము తరుముకుంటాయి గానీ రెండే ఉంటే పక్కవాళ్ల మీదే వాటి దృష్టంతా. ఏంజెల్ చిన్నప్పుడు బుద్ధిగానే ఉంటుంది, కానీ అది సిక్లిడ్ అనే, ఎక్కువగా దూకుడుండే చేపల కుటుంబానిది, పెరిగాక నియాన్ టెట్రా లాంటి సన్న చేపలు దానికి భోజనం. ఆస్కార్ అడుగు పెరుగుతుంది, ఫ్లవర్‌హార్న్ ఎవరినీ పక్కన ఉండనివ్వదు, ఈ రెండూ మొదటి ట్యాంకు మాట వదిలేయండి.

ఫైటర్‌ని గ్లాసులో, సీసాలో పెట్టి అమ్ముతారు కదా, అలాగే బతుకుతుందిలే అనుకుంటాం. మన కొర్రమీను లాగే అది పైకొచ్చి గాలి పీలుస్తుంది, అందుకే వెంటనే చావదు, అంతే. దానికీ కనీసం 15, 20 లీటర్లు కావాలి, ఒంటరిగా ఉంటే దానికేం బెంగ లేదు.

మరి ఏవి తెచ్చుకోవాలంటే, ముందు మీ ఇంటి నీళ్లు చూడండి. బోరు నీళ్లతో కొళాయి మీద, గిన్నెల మీద తెల్ల మరకలు కడుతున్నాయా, అయితే గప్పీ, ప్లాటీ, మోలీ మీకోసమే పుట్టాయనుకోండి, వాటికి ఖనిజాలున్న గట్టి నీళ్లే ఇష్టం. నియాన్ టెట్రా దీనికి పూర్తి ఎదురు, మెత్తటి నీళ్లు కావాలి, కొత్త ట్యాంకుని అసలు తట్టుకోదు. ఆర్వో నీళ్లు శ్రేష్ఠమని పోసేవాళ్లున్నారు, వాటిలో ఖనిజాలే ఉండవు, గప్పీకి అది శిక్ష. మున్సిపాలిటీ నీళ్లయితే యాంటీ క్లోరిన్ చుక్కలు వేయండి, లేదా వెడల్పాటి బకెట్‌లో ఒక రోజు వదిలేయండి.

నేనైతే రెండడుగుల ట్యాంకులో ఆరు మగ గప్పీలు, ఆరు జీబ్రా చేపలు వేయమంటాను, అది కూడా ఒకేసారి కాదు, ముందు జీబ్రాలు, రెండు మూడు వారాలాగి గప్పీలు. జీబ్రా మన దేశపు చేపే, మహా గట్టిది, గుంపుగా లేకపోతే మాత్రం బెదురుగా ఉంటుంది. గప్పీల్లో మగవే ఎందుకంటే, ఆడవి కూడా ఉంటే నెలకోసారి పిల్లలు పెడతాయి. ఆడవే తెచ్చుకుంటే గొడవ లేదు కదా అని తెలివిగా ఆలోచించేవాళ్లుంటారు, కొట్లోనే మగవాటితో కలిసి ఉంటాయి కాబట్టి ఆడ గప్పీ మగ తోడు లేకుండానే తర్వాత నెలల తరబడి ఈనుతూనే ఉంటుంది. హీటరు కూడా అంటగడతారు, మన ఊళ్లో ఏడాదిలో చాలా నెలలు దాని అవసరం లేదు, ఆ డబ్బుతో బ్యాటరీ ఎయిర్ పంపు కొనుక్కోండి.

సక్కర్ ఫిష్ సంగతి విడిగా చెప్పాలి. ట్యాంకు శుభ్రం చేస్తుంది, ఒకటి వేసుకోండి అని కొసరు లాగా ఇస్తారు. అది దక్షిణ అమెరికా చేప, అడుగు దాటి పెరుగుతుంది, గాజు మీద నాచు కాస్త గీకుతుంది గానీ అంతకు ఎక్కువ చెత్త తనే చేస్తుంది, రాత్రిళ్లు గోల్డ్ ఫిష్ ఒంటిని అంటుకుని జిగురు పొరంతా గీకి పెడుతుంది. పెద్దదయ్యాక ఇంట్లో పెట్టుకోలేక, చంపడానికి చేతులు రాక, పుణ్యం వస్తుందని ఏలూరు కాలువలోనో రైవస్ కాలువలోనో వదిలేస్తారు. చెరువుల దగ్గర దెయ్యం చేప అంటున్నారే, అది ఇదే. ఒళ్లంతా కవచం, ముళ్లు, వలలు చింపుతుంది, గట్లకి బొరియలు పెడుతుంది, నీళ్లు సరిగ్గా లేకపోయినా గాలి పీల్చి బతికేస్తుంది, మనవాళ్లెవరూ దాన్ని తినరు. దయచేసి ఏ అక్వేరియం చేపనీ కాలువలో వదలొద్దు, కొన్న కొట్టుకే తిరిగివ్వండి, డబ్బులు రాకపోయినా సరే.

కొట్లవాళ్లని నేను తిట్టడం లేదు. అద్దెలు, కరెంటు బిల్లులు, చచ్చిన సరుకు, అన్నీ భరించి అమ్ముతున్నారు. ప్రతి ట్యాంకు మీద రేటు రాసిన స్టిక్కరు ఎలాగూ ఉంటుంది కదా, దాని కిందే తెలుగులో ఇంకో మూడు ముక్కలు రాయమంటున్నాను: ఎంత పెరుగుతుంది, కనీసం ఎన్ని కలిపి ఉంచాలి, ఎవరితో పడదు. కొనేవాడు చదువుకుంటాడు, కొట్టాయనకి చెప్పే శ్రమ తప్పుతుంది. మీరు కూడా ఈసారి ఆ పేజీలో దిక్కుల పక్కన లీటర్లు కూడా వేయండి.

ఉత్తరం పొడవైందని నాకు తెలుసు, చోటు లేకపోతే ఎక్కడైనా కత్తిరించండి, సక్కర్ ఫిష్ పేరా మాత్రం ఉంచండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
సత్యనారాయణపురం, విజయవాడ