తోటలో పక్షుల మేత: మన సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

తోటలకు వచ్చే పక్షులకు మేత పెట్టే పని ఈ ఏడాదీ ఆగకుండా సాగింది. అయితే గింజలు పోయడం కంటే పళ్లేలు కడగడానికే మన శ్రమ ఎక్కువగా వెళ్లింది. ఈ సంవత్సరం చేసిన అసలైన పని ఇదేనని కార్యవర్గం భావిస్తోంది.

ఎక్కడెక్కడి పక్షులో ఒకే పళ్లెం చుట్టూ గుమిగూడితే జబ్బులు తేలికగా అంటుకుంటాయి. బ్రిటన్‌లో 2005లో పిట్టల్లో బయటపడిన ట్రైకోమోనోసిస్ అనే పరాన్నజీవి జబ్బు గ్రీన్‌ఫించ్ అనే చిన్న పిట్టల సంఖ్యను దారుణంగా తగ్గించింది. ఆ పరాన్నజీవి గొంతులో చేరి మేత మింగనివ్వదు. పక్షి కక్కిన గింజల ద్వారా, ముక్కు పెట్టిన నీటి ద్వారా మరోదానికి చేరుతుంది.

అందుకే పళ్లేలను, నీటి తొట్లను వారం వారం రుద్ది కడిగే వంతులు వేసుకున్నాం. తొమ్మిది పాళ్ల నీటిలో ఒక పాలు బ్లీచ్ కలిపి వాటిని నానబెట్టాలి. మంచినీటితో మళ్లీ కడిగి, పూర్తిగా ఆరాకే గింజలు వేయాలి. తడి మీద పోస్తే బూజు పడుతుంది. తాగే నీరు రోజూ మార్చాలి. ఈకలు ఉబ్బించుకుని, మనిషి దగ్గరికి వెళ్లినా ఎగరని పక్షి కనిపిస్తే కొన్ని వారాలు మేత ఆపేయాలి. ఈ మాట కొందరు సభ్యులకు కష్టంగా తోచింది, అది సహజమే. కానీ మన మేత వాటి తిండిలో ఒక భాగం మాత్రమే. ఆరోగ్యంగా ఉన్నవి మరోచోట వెతుక్కుంటాయి, గుంపూ చెదురుతుంది.

కిటికీ అద్దాలకు కొట్టుకోకుండా పళ్లేల చోట్లు మార్చాం. అద్దానికి మీటరు లోపు ఉంటే పక్షికి వేగం అందుకునే వీలుండదు. లేదంటే పది మీటర్లు దాటి పెట్టాలి.

రొట్టె ముక్కలతో కడుపు నిండుతుందే తప్ప పోషణ అందదు. ఉప్పు వేసినవి, బూజు పట్టిన పల్లీలు హానికరం. గూళ్లు కట్టే కాలంలో పిచ్చుకల వంటి గింజలు తినే పిట్టలు సైతం పిల్లలకు పురుగులే తెచ్చి పెడతాయి. ఆ పురుగులు దొరకాలంటే తోటలో పురుగుమందు చల్లకూడదు. ఈ విషయంలో మనం ఇంకా గట్టిగా పని చేయాలి.

జమాఖర్చులు కోశాధికారి విడిగా సమర్పిస్తారు. వచ్చే ఏడాది కడిగే వంతులకు మరికొందరు కావాలి. ముందుకు వచ్చేవారు సర్వసభ్య సమావేశంలోనే పేర్లు ఇవ్వగలరు.

కార్యదర్శి