సేంద్రియ తాండ్రలో ఎసెన్సు: సీసా మీద ‘నేచురల్’ అని ఉంటే చాలదు

సంపాదకులు గారికి,

ఆత్రేయపురం, అంబాజీపేట, రావులపాలెం చుట్టుపక్కల మామిడి తాండ్ర, పూతరేకులు, కొబ్బరి లౌజు చేసే చిన్న యూనిట్లలో కొన్ని సేంద్రియ ధ్రువీకరణ కోసం ప్రయత్నిస్తున్నాయి. బియ్యం ఏ చేనిదో, బెల్లం ఏ గానుగదో, కొబ్బరి ఏ తోటదో వాళ్లు కాగితాలతో సహా చూపించగలరు. చిక్కంతా చివర్లో వేసే ఎసెన్సు దగ్గరే. ‘సీసా మీద నేచురల్ అనే ఉంది, పైగా వంద కిలోలకు వేసేది రెండొందల గ్రాములు, ఐదు శాతం లోపే కదా’ అంటారు. ఈ లెక్క తప్పు. దీనివల్ల ఏడాది కష్టం తనిఖీ రోజున వృథా అవుతుంది.

జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం నియమాల ప్రకారం నీరు, ఉప్పు మినహాయించి చూస్తే కనీసం 95 శాతం పదార్థాలు ధ్రువీకరించినవై ఉండాలి. మిగిలిన 5 శాతంలో ఏది పడితే అది వేసుకోవచ్చని ఎక్కడా లేదు. పరిమళాల విషయంలో నియమం చూసేది వాటిని తీసిన పద్ధతిని. నూనె, నీరు, ఇథనాల్, కార్బన్ డయాక్సైడ్ వాడి గానీ, పిండడం, ఆవిరితో బట్టీ పట్టడం వంటి భౌతిక పద్ధతుల్లో గానీ తీసినవే పనికొస్తాయి. హెక్సేన్ అనే పెట్రోలియం ద్రావకంతో తీసిన సరుకు రెండు గ్రాములు వేసినా తప్పే.

యాలకులనే తీసుకోండి. బజారులో యాలకుల నూనె, యాలకుల ఓలియోరెసిన్ (నూనెతో పాటు జిగురు పదార్థమూ ఉండే చిక్కటి సారం) అని రెండు రకాలు దొరుకుతాయి. నూనెను సాధారణంగా ఆవిరితో తీస్తారు. ఓలియోరెసిన్‌ను చాలాచోట్ల హెక్సేన్, అసిటోన్ లాంటి ద్రావకాలతో తీసి, తర్వాత ఆ ద్రావకాన్ని ఆవిరి చేసేస్తారు. ల్యాబ్ రిపోర్టులో ‘హెక్సేన్ లేదు’ అని వచ్చినంత మాత్రాన సేంద్రియానికి సరిపోయిందనుకోవద్దు. అది మిగిలిన ద్రావకం గురించి మాత్రమే చెబుతుంది, వాడలేదని చెప్పదు. అందుకే ల్యాబ్ కాగితం కన్నా ముందు తయారీదారు నుంచి ప్రాసెస్ వివరం రాయించుకోవాలి: ముడిసరుకు ఏది, ఏ ద్రావకంతో తీశారు, దేంట్లో కలిపి నింపారు.

ఆ చివరి ప్రశ్నే చాలామంది వదిలేస్తున్నారు. ద్రవ ఎసెన్సుల్లో అసలు పరిమళం కన్నా దాన్ని మోసే ద్రవమే ఎక్కువ ఉంటుంది. అది ప్రొపిలీన్ గ్లైకాల్ (ఐఎన్ఎస్, అంటే ఆహారంలో కలిపే పదార్థాలకిచ్చే అంతర్జాతీయ నంబరు, 1520), ట్రయాసిటిన్ (1518) కావచ్చు. వాటికి తోడు బాగా కలవడానికో, చెడిపోకుండా ఉండడానికో వేసే పాలిసార్బేట్ 80 (433), బీహెచ్ఏ (320), బీహెచ్‌టీ (321), సోడియం బెంజోయేట్ (211) కలుస్తుంటాయి. వీటిలో ఏ నంబరు కనిపించినా ఆ సీసాను పక్కన పెట్టి ధ్రువీకరణ సంస్థను అడగండి. పొడి రూపంలోదైతే అందులో పరిమళాన్ని మోసే పిండిపదార్థమైన మాల్టోడెక్స్‌ట్రిన్ ఏ పంటదో, జన్యుమార్పిడి మొక్కజొన్నది కాదన్న పత్రం ఉందో లేదో చూడాలి. సేఫ్టీ డేటా షీట్‌లో ప్రొపిలీన్ గ్లైకాల్ పేరు లేకపోతే అది సరుకులో లేదని తేల్చేయకూడదు. ఆ షీట్ ప్రమాదకర పదార్థాల కోసం. గ్లైకాల్ ఆ కోవలోకి రాదు గనుక తరచూ రాయరు.

ఫార్ములా వ్యాపార రహస్యమని కంపెనీ చెప్పకపోవచ్చు. అది వాళ్ల హక్కు. అప్పుడు వివరాలను మనకు కాకుండా నేరుగా ధ్రువీకరణ సంస్థకు పంపమనాలి. అలా పంపడానికీ ఒప్పుకోని సరుకు కొనకండి. ప్రాసెస్ వివరం గురించి కంపెనీ నుంచి వచ్చిన లేఖ మీద ఉత్పత్తి కోడ్, సీసా మీద కోడ్, బిల్లు మీద కోడ్ మూడూ ఒకటే ఉండాలి. పేరు అదే ఉంచి ఫార్ములా మార్చినప్పుడు కోడ్‌లో చివరి అంకె ఒక్కటే మారవచ్చు. పాత లేఖ దానికి చెల్లదు. ఏటా కొత్త లేఖ తెప్పించుకోవాలి.

కొబ్బరి తోటల్లో అంతరపంటగా పండిన కోకోతో చాక్లెట్ చేసేవారికి వెనిలా వాసననిచ్చే వెనిలిన్‌ది మరో తలనొప్పి. బజారులో దొరికే వెనిలిన్‌లో అధిక భాగం గ్వాయకాల్ అనే రసాయనం నుంచి చేసినదే. సిద్ధం చేసిన వెనిలా కాయలో వెనిలిన్ సుమారు 2 శాతమే, అంటే కిలో వెనిలిన్‌కు దాదాపు 50 కిలోల కాయలు కావాలి. చవగ్గా ఇస్తున్నారంటే కాయ నుంచి రాలేదనే అర్థం. తవుడులోని ఫెరూలిక్ ఆమ్లాన్ని సూక్ష్మజీవులతో మార్చి చేసేదీ ఉంది. ఆ సూక్ష్మజీవి జన్యుమార్పిడి చేసినది కాదని రాతపూర్వకంగా తేలాలి. అనుమానం ఉంటే వెనిలిన్ దేని నుంచి వచ్చిందో తేల్చే కార్బన్ ఐసోటోప్ పరీక్ష చేయించవచ్చు గానీ, చిన్న యూనిట్లకు ఆ ఖర్చు అనవసరం. సేంద్రియ వెనిలా కాయలే కొనుక్కోవడం మేలు.

నిజానికి లౌజుకు ఎసెన్సుతో పనేముంది? కేరళ ఇడుక్కి వైపు నుంచి ధ్రువీకరించిన యాలకులు వస్తాయి. కిలోకు 4, 5 గ్రాముల గింజలు అప్పటికప్పుడు దంచి, పాకం దించి వేడి తగ్గాక కలిపితే చాలు. పొయ్యి మీద ఉండగా వేస్తే పరిమళం ఎగిరిపోతుంది, అప్పుడు సీసా వైపు చెయ్యి వెళ్తుంది. కొనేటప్పుడు అమ్మేవారు ఏయే సరుకులకు ధ్రువీకరణ పొందారో చెప్పే స్కోప్ సర్టిఫికెట్‌తో సరిపెట్టుకోకుండా ఆ లాటు అమ్మకానికి విడిగా ఇచ్చే ట్రాన్సాక్షన్ సర్టిఫికెట్ అడగాలి. సేంద్రియ యాలకులు చాలలేదని మామూలువి కలపకూడదు. ఒకే పదార్థాన్ని రెండు రకాలుగా వాడడం నియమ విరుద్ధం.

అమెరికాకు పంపాలనుకునేవారు ఇంకొకటి గమనించాలి. 2021లో మన ధ్రువీకరణ వ్యవస్థకు అమెరికా గుర్తింపు ముగించింది గనుక అక్కడి ప్రమాణాల కింద విడిగా ధ్రువీకరణ కావాలి. సేంద్రియ పరిమళం మార్కెట్లో దొరుకుతుంటే అదే వాడాలన్న షరతు కూడా అక్కడ 2019 డిసెంబరు నుంచి అమల్లో ఉంది.

ధ్రువీకరణ సంస్థలకు మా విన్నపం ఒక్కటే. తాము పరిశీలించి ఒప్పుకున్న పరిమళాల పేర్లు, కోడ్‌లు, ఏ తేదీ వరకు చెల్లుతాయో తెలిపే పట్టికను తెలుగులో తమ దగ్గర నమోదైన యూనిట్లకు ఇవ్వాలి. వేసవిలో తాండ్ర చాపలు పరిచేలోపే అది చేతికందాలి.

ఇట్లు,
ఆహార తయారీ నాణ్యత పనిలో ఉన్న కొందరం,
అమలాపురం