బాణసంచా సరే, వ్యాన్ ఎక్కడ నిలపాలి?

గౌరవనీయులైన సంపాదకులకు,

ఆదివారం అనుబంధంలో జపాన్ వేసవి బాణసంచా ఉత్సవాల మీద వేసిన వ్యాసం బాగుంది, ఫొటోలు ఇంకా బాగున్నాయి. చివర్లో మాత్రం ‘క్యాంపర్‌వ్యాన్ అద్దెకు తీసుకోండి, నచ్చినచోట ఆపుకొని పడుకోండి’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆ ముక్క నమ్ముకొని వెళ్లినవాళ్లు ఉత్సవం రాత్రి ముందు కారు ఎర్రలైట్లు చూస్తూ కూర్చోవాలి. రొట్టెల పండుగనాడు కారును స్వర్ణాల చెరువు గట్టుదాకా తోలుకుపోదామనుకునే వాడి గతే అది.

వ్యాన్ పనికొచ్చేది ఒక ఉత్సవం నుంచి ఇంకో ఉత్సవానికి పోవడానికి. ఉత్సవం జరిగే ఊళ్లోకి తీసుకుపోవడానికి కాదు. ముందురోజే పదో ఇరవయ్యో కిలోమీటర్ల అవతల, రైల్వే స్టేషన్‌కు దగ్గర్లో చోటు బుక్ చేసుకొని వ్యాన్ అక్కడ పెట్టి, రైల్లో వెళ్లి రైల్లో రావాలి. ఒమగరి ఊళ్లో జరిగే బాణసంచా పోటీకైతే దక్షిణాన యొకొతె ఊరు అలాంటిదే. ఇంకో బాణసంచా ఊరు నగావోకాలో స్టేషన్ నుంచి షినానో ఏటి ఒడ్డుకు అరగంట నడక. తిరుగు రైలుకు క్యూ తప్పదు, అయినా క్యూ కదులుతుంది, రోడ్డు కదలదు. కూర్చునే చోటుకే కాదు, కారు పార్కింగ్‌కూ నెలల ముందే టికెట్ కొనాల్సిన ఉత్సవాలు ఇప్పుడు చాలా ఉన్నాయి.

‘నచ్చినచోట పడుకోవడం’ గురించి. జపాన్ రోడ్ల పక్కన ‘మిచినోఎకి’ అనే విశ్రాంతి కేంద్రాలు 1,200కు పైగా ఉన్నాయి. మరుగుదొడ్లు రాత్రంతా తెరిచే ఉంటాయి, పార్కింగ్ ఉచితం. డ్రైవరు అలసిపోతే కునుకు తీయడానికే అవి, బస చేయడానికి కాదని అక్కడి ప్రభుత్వమే చెబుతుంది. బయట కుర్చీలు వేయడం, పొయ్యి వెలిగించడం, కుళాయి దగ్గర ట్యాంకు నింపుకోవడం, ఇంటి చెత్త అక్కడి డబ్బాలో వేయడం ఇవన్నీ తప్పు కిందికే వస్తాయి. ఇలా చేసేవాళ్లు ఎక్కువైన చోట రాత్రి పార్కింగే నిషేధించారు. బసకు ‘ఆర్‌వీ పార్క్’ అని బోర్డున్న చోట్లున్నాయి. డబ్బు కట్టాలి, బదులుగా చాలావాటిలో కరెంటు ప్లగ్గు ఇస్తారు. ఆ ప్లగ్గు విలువ ఆగస్టు రాత్రి తెలుస్తుంది.

ఎందుకంటే మైదానపు ఊళ్లలో అప్పుడు రాత్రి కూడా 25 డిగ్రీలకు దిగని రోజులుంటాయి, పైగా ఉక్క. మనకది కొత్త కాదుగానీ రేకు పెట్టెలో పడుకుంటే మన కావలి వాళ్లూ తట్టుకోలేరు. అద్దె కంపెనీ ‘ఏసీ ఉంది’ అంటే అది ఇంజిన్ మీద నడిచేదా, బ్యాటరీ మీద నడిచేదా అని అడగండి. రాత్రంతా ఇంజిన్ ఆన్‌లో పెట్టడం కుదరదు. అక్కడ చాలా రాష్ట్రాల్లో ఆగిన బండి ఇంజిన్ ఆపాలన్న నిబంధన ఉంది, పక్క బండివాళ్లూ ఊరుకోరు. ఇక బ్యాటరీ సంగతి. 12 వోల్టుల 100 ఆంపియర్-అవర్ లెడ్ బ్యాటరీలో ఉండేది 1,200 వాట్-అవర్లు. సగానికి మించి వాడితే అది పాడవుతుంది కాబట్టి చేతికొచ్చేది 600. చిన్న ఏసీ సగటున 400 వాట్లు లాగినా గంటన్నరకు ఆగిపోతుంది. 200 ఆంపియర్-అవర్ లిథియం అయితే అయిదారు గంటలు లాగుతుంది. అదైనా మరుసటి రోజు బండి నడుస్తూ గంటకు 30 ఆంపియర్ల చొప్పున నింపడానికి ఆరేడు గంటలు పడుతుంది. అందుకే ప్లగ్గున్న చోటు వెతుక్కోవాలి, లేదంటే కొండెక్కాలి. వెయ్యి మీటర్ల ఎత్తుకు సుమారు ఆరు డిగ్రీలు తగ్గుతుంది. బాణసంచా కాల్చే సువా సరస్సు 759 మీటర్ల ఎత్తున ఉంది, తేడా ఒంటికి తెలుస్తుంది.

ఇంటి రైస్ కుక్కర్ పెట్టెలో పెట్టుకోకండి. అక్కడ కరెంటు 100 వోల్టులు. మన 230 వోల్టుల 700 వాట్ల కుక్కర్‌ను దానికి తగిలిస్తే వచ్చేది 130 వాట్లు. అన్నం ఉడకదు, గోరువెచ్చగా నానుతుంది. ఫోన్ చార్జర్లకు ఇబ్బంది లేదు, ప్లగ్గుకు రెండు బల్లపరుపు పుల్లలుంటే చాలు. పొయ్యికి 250 గ్రాముల క్యాసెట్ గ్యాస్ డబ్బాలు అక్కడే దొరుకుతాయి, విమానంలో ఎక్కించనివ్వరు. వాటిని ఎండలో డ్యాష్‌బోర్డు మీద వదిలితే పేలతాయి. లోపల వండేటప్పుడు కిటికీ తెరవకపోతే కార్బన్ మోనాక్సైడ్ ముప్పు. పచ్చి కరివేపాకు, చికెన్ పచ్చడి కస్టమ్స్ దాటవు.

తేదీల దగ్గర ఒక మెలిక ఉంది. కొన్ని ఉత్సవాలు తేదీకి కట్టుబడతాయి, కొన్ని వారానికి. కషివజాకిలో సముద్రం మీద కాల్చేది జులై 26న. నగావోకాది ఆగస్టు 2, 3. వారం ఏదైనా అవి మారవు, 1945 ఆగస్టు 1 రాత్రి ఆ ఊరి మీద జరిగిన బాంబుదాడి మృతుల స్మరణతో ముడిపడిన రోజులవి. సువా ఆగస్టు 15, కుమానో 17. 1910లో మొదలైన ఒమగరి పోటీ మాత్రం ఆగస్టు ఆఖరి శనివారం. అయిదు శనివారాలొచ్చిన ఏడాది నాలుగోదే ఆఖరిదనుకొని బయల్దేరితే వారం ముందే ఖాళీ ఏటి ఒడ్డు చూసి రావాలి. అన్నీ చూద్దామని ఆశపడొద్దు. సువా, కుమానో రెండూ పితృదేవతలను తలుచుకునే ఒబోన్ పండుగ సెలవుల చుట్టూ పడతాయి. సంక్రాంతికి హైదరాబాదు నుంచి దిగే కార్లతో మన టోల్‌గేట్లు ఎలా ఉంటాయో ఆ నాలుగు రోజులూ అక్కడి ఎక్స్‌ప్రెస్‌వేలు అలాగే ఉంటాయి. రెండు వారాలే సెలవుంటే కషివజాకి, నగావోకా చూసుకొని ఉత్తరాన ఆవోమోరికి ఆగస్టు 7కు చేరడం మేలు. నెబుతా ఉత్సవం ఆఖరి రాత్రి అక్కడ సముద్రం మీద బాణసంచా ఉంటుంది. దారి 500 కిలోమీటర్ల పైచిలుకు. మామూలు రోడ్లలో రోజుకు 200 దాటించకండి.

నగావోకాలో మూడు షాకుల గుండు కాలుస్తారు, షాకు అంటే సుమారు 30 సెంటీమీటర్ల జపాన్ కొలత. గుండు అడ్డుకొలత 90 సెంటీమీటర్లు, బరువు 300 కిలోలు. 600 మీటర్ల ఎత్తుకు లేచి 650 మీటర్ల వెడల్పున విచ్చుకుంటుంది. కిలోమీటరు దూరంలో కూర్చుంటే వెలుగు కనిపించిన మూడు సెకన్లకు చప్పుడు ఛాతీకి తగులుతుంది. గాలి వీపు వైపు నుంచి వీచేలా చోటు చూసుకోవాలి. ఎదురుగాలైతే నాలుగో గుండు నుంచి పొగే కనిపిస్తుంది.

రోడ్డు మీద మనలాగే ఎడమ వైపు పోవడం కలిసొచ్చే విషయం. కానీ ఎర్రలైటు ఉండగా ఎడమకు తిరగకూడదు. రైలు గేటు తెరిచే ఉన్నా పట్టాల ముందు పూర్తిగా ఆగి తీరాలి, ముందు బండి పోయింది కదా అని వెనకే పోకూడదు. మందు తాగి నడిపితే పక్కన కూర్చున్నవాళ్లకూ శిక్ష. పెద్ద క్యాంపర్ల ఎత్తు మూడు మీటర్ల దాకా ఉంటుంది, అంతస్తుల పార్కింగుల్లో చాలావాటి హద్దు 2.1. అద్దెకిచ్చే చిన్న ‘కే’ వ్యాన్ పెట్రోలు బండి, బంకులో ‘కేయు’ అని రాసి ఉండే ఆకుపచ్చ పైపు డీజిల్‌ది. పేరు కలిసిందని అది పెట్టేస్తే ఇంజిన్ ఆగిపోతుంది. పెట్రోలుది ఎర్ర పైపు. చిన్న గీత పడినా పోలీసులకు 110కి ఫోన్ చేయాలి, పోలీసు నమోదు లేకపోతే బీమా వర్తించదు.

మీ వ్యాసంలో అసలు లేనిది ఐడీపీ, అంటే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్. 1949 జెనీవా ఒప్పందం కింద ఇచ్చినవాటినే జపాన్ ఒప్పుకుంటుంది, మన దేశం అందులో ఉంది. పరివాహన్ సైట్‌లో ఫారం 4ఏ నింపి, వెయ్యి రూపాయలు కట్టి మన రవాణా కార్యాలయంలోనే తీసుకోవచ్చు. బండి తీసుకునేటప్పుడు ఐడీపీతో పాటు అసలు లైసెన్సూ, పాస్‌పోర్టూ చూపాలి. ఈ మూడింట్లో ఒకటి నెల్లూరులో మరిచిపోయినా తాళాలు చేతికివ్వరు. వచ్చే ఆదివారం ఈ వివరాలతో పాటు పై తేదీలూ ఒక చిన్న పెట్టెలో వేస్తారని ఆశిస్తూ,

మీ పాఠకుడు,
వేదాయపాళెం, నెల్లూరు