ఒక్క రోజుకు రోడ్డు రోలర్‌ను పంపించండి: క్రీడా శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర క్రీడా శాఖ మంత్రివర్యులకు, తెలంగాణలోని ఒక చిన్న పట్టణంలో పద్నాలుగేళ్లలోపు పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతున్న విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు నమస్కరించి రాయునది.

అయ్యా, మా గ్రౌండు విషయమై ఇప్పటికి మూడు సోమవారాలు, కలెక్టరేటులో ప్రజల అర్జీలు తీసుకునే ప్రజావాణిలో నిలబడి మూడు అర్జీలు ఇచ్చాను. మొదటిదాన్ని ఒక కార్యాలయానికి, రెండోదాన్ని ఇంకో కార్యాలయానికి పంపినట్టు నా ఫోనుకు సందేశాలు వచ్చాయి. మూడోది పరిష్కారమైపోయిందని వచ్చింది. పరిష్కారాన్ని కళ్లారా చూద్దామని మరునాడు తెల్లవారకముందే వెళ్లాను. గోతులు ఎక్కడివక్కడే ఉన్నాయి, వాటిలో రాత్రి కురిసిన వాన నీళ్లు మాత్రం కొత్తగా చేరాయి.

వేసవిలో గ్రౌండును నలభై ఐదు రోజులపాటు ఎగ్జిబిషన్‌కు అద్దెకిచ్చారు. దాన్ని నేను తప్పు పట్టడం లేదు. మా పిల్లలు కూడా జెయింట్ వీల్ ఎక్కారు, నేనూ మిర్చి బజ్జీ తిన్నాను. అయితే స్థలాన్ని ఎలా తీసుకున్నారో అలాగే తిరిగి అప్పగించాలన్నది అద్దె షరతు అని, ఆ మాట అధికారులే నాతో చెప్పారు. జెయింట్ వీల్ కాళ్ల కోసం, డేరా గుంజల కోసం తవ్విన గోతులను పిల్లలతో కలిసి లెక్కపెడితే అరవై ఒకటి తేలాయి. కొన్ని మోకాలి లోతు ఉన్నాయి. బజ్జీల బండ్లు పెట్టినచోట నూనె ఇంకిన నేలలో గడ్డి మొలవడం మానేసింది. గాజుల దుకాణాల వరుస సాగినంత మేరా, అంటే సరిగ్గా మా ఆటస్థలం ఎడమ అంచు (వింగు) పొడవునా, పగిలిన గాజు ముక్కలు పరుచుకొని ఉన్నాయి. బడులు జూన్ 12న తెరిచాక మా మొదటి వారం సాధనంతా వంగి మేకులు ఏరడంతోనే గడిచిపోయింది. అంత ఏరినా ఒకటి మిగిలి, ఏడో తరగతి అమ్మాయి మడమలో దిగింది. టీటీ ఇంజెక్షన్ చేయించాం. అప్పటి నుంచి వాళ్లమ్మ కూలిపని ఆలస్యం చేసుకుని, సాధన ముగిసేదాకా గేటు దగ్గరే నిలబడుతోంది. ఆమె నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అనివుంటే బాగుండేదనిపిస్తోంది.

పాఠశాలల క్రీడా ఎంపికలు ఆగస్టులో మీద పడతాయని తమకు తెలియనిది కాదు. ఈలోగా మాకు దొరికేది ఏడెనిమిది వారాలు. రెండు నెలలు ఇంటిపట్టున ఉన్న పిల్లలకు మొదటి రెండు వారాలు బంతితోపాటు పరుగెత్తించి దమ్ము పెంచాలి. ఆ తరువాత పాసులు, ఎవరి స్థానంలో వారు నిలబడడం, చివరగా నాలుగైదు సాధన మ్యాచ్‌లు. నల్లరేగడి నేలలో వాన పడితే గోతికీ గట్టికీ తేడా తెలియదు కనుక ఇప్పుడు ఇరవై రెండు మందిని బైపాస్ రోడ్డు పక్కన, లారీల హారన్ల మధ్య పరుగెత్తిస్తున్నాను. బంతి ఆట బడి వెనక ముప్పై అడుగుల జాగాలో సాగుతోంది. దానివల్ల పొట్టి పాసులు బాగా వచ్చాయి, అది ఒప్పుకోవాలి. కానీ పొడవాటి బంతిని తన్నడం, కార్నర్ కిక్ తీయడం పిల్లలు మరిచిపోతున్నారు. మా గోల్‌కీపర్ ఒకదానికొకటి ఐదడుగుల ఎడంలో ఉన్న రెండు వేపచెట్ల మధ్య సాధన చేస్తున్నాడు. రేపు 7.32 మీటర్ల వెడల్పు, 2.44 మీటర్ల ఎత్తు ఉన్న అసలు గోల్‌ ముందు నిలబడితే వాడికి ఆకాశమంతా ఖాళీగా కనబడుతుంది.

ప్రభుత్వం ఊరూరా ఏర్పాటు చేసిన క్రీడా ప్రాంగణంలో ఆడుకోవచ్చు కదా అని ఒక అధికారి సలహా ఇచ్చారు. వెళ్లి చూశాం. బోర్డు బాగుంది. బోర్డు వెనక ఎకరం కూడా లేదు, ఉన్నదాంట్లో సగం రాళ్ల దిబ్బ. నిండు ఎకరమే ఉన్నా 4,047 చదరపు మీటర్లు. పెద్దల అంతర్జాతీయ మ్యాచ్‌కు కనీసం 100 మీటర్ల పొడవు, 64 మీటర్ల వెడల్పు కావాలి. పిల్లలకు అంత అక్కరలేదు, అందులో సగమైనా చాలు, కానీ అది చదునుగా ఉండాలి.

రోలర్ అందుబాటులో లేదన్న జవాబు మాత్రం నాకు మింగుడు పడలేదు. కిందటేడు ఒక పెద్దమనిషి మా ఊరికి హెలికాప్టర్‌లో వచ్చారు. ముందురోజు సాయంత్రం ఆరింటికి రోలర్ వచ్చింది, ట్యాంకరుతో నీళ్లు చల్లారు, తెల్లవారేసరికి గ్రౌండు అద్దంలా తయారైంది. మధ్యలో సున్నంతో గుండ్రంగా గీసి హెచ్ అక్షరం రాశారు. హెలికాప్టర్ ఇరవై నిమిషాలే ఆగింది. మిగిలిన సున్నం బస్తాతో మేము పెనాల్టీ బాక్సు గీసుకున్నాం. నా ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఆ గ్రౌండు అంత బాగున్నది ఆ ఒక్క వారమే. కాబట్టి రోలర్ ఈ జిల్లాలోనే ఉన్నదని, రాత్రిపూట కూడా నడుస్తుందని సవినయంగా మనవి చేసుకుంటున్నాను.

ఫుట్‌బాల్ గురించి వేదికల మీద మాట్లాడే ప్రతి నాయకుడూ రహీం సాబ్ పేరు తీస్తారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం వచ్చినప్పుడు మన జట్టుకు శిక్షకుడు ఆయనే. బడిపంతులుగా పనిచేసిన ఆ హైదరాబాదీ, ఆటగాళ్ల బలహీనమైన కాలు బలపడాలని ఆ కాలితోనే ఆడవలసిన పోటీలు పెట్టేవారు. ఖర్చులేని ఆ పద్ధతిని నేనూ పాటిస్తున్నాను. అయితే ఏ కాలితో ఆడాలన్నా ముందు ఆ కాలు గోతిలో పడకుండా ఉండాలి కదా, అయ్యా.

మేము సింథటిక్ టర్ఫ్ అడగడం లేదు. ఫ్లడ్‌లైట్లు అడగడం లేదు. ఉన్న మూడు బంతుల్లో రెండింటి బ్లాడర్లు పోయాయి, అవి మేమే చందాలు వేసుకుని కొనుక్కుంటాం. గోతులు పూడ్చడానికి నాలుగు ట్రాక్టర్ల మట్టి ఇప్పించండి, రోలర్‌ను ఒక్క రోజుకు పంపించండి, ఇక ముందు ఎగ్జిబిషన్ వారి నుంచి పూడ్చే ఖర్చును ముందే కట్టించుకోమని చెప్పండి. దయచేసి రోలర్‌ను పంపించండి. ఈ అర్జీని మాత్రం మళ్లీ మా జిల్లాకే పంపకండి, అక్కడ అది పరిష్కారమైపోతుంది.

మట్టి వేశాక నేల గట్టిపడడానికి కనీసం పది రోజులు పడుతుంది. అందుకే తొందరపెడుతున్నాను. గేటు తాళం ఉదయం ఐదున్నరకు తీయమని వాచ్‌మన్‌కు ఎవరైనా ఒక మాట చెబితే, మట్టి సర్దే పని మేము, మా పిల్లల తల్లిదండ్రులు చేసుకుంటాం. పారలు మా దగ్గర ఉన్నాయి.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు