బిల్లుకి ఫోన్ నంబర్ ఎందుకండీ?

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆషాఢంలో మా ఊళ్లో ఒక బట్టల షాపులో రెండు తువ్వాళ్లు, ఒక లుంగీ కొన్నాను. కౌంటర్లో కుర్రాడు కీబోర్డ్ మీద వేళ్లు పెట్టి తల కూడా ఎత్తకుండా "నంబర్ చెప్పండి సార్" అన్నాడు, ఎందుకయ్యా అంటే నంబర్ కొట్టకపోతే సిస్టం బిల్లు తియ్యదు సార్ అన్నాడు, వెనకాల లైన్లో వాళ్లు అప్పటికే విసుక్కుంటున్నారు, సరేలే అని చెప్పేశా. పేరు కూడా అడిగాడు. ప్రసాద్ అంటే పర్సాద్ అని కొట్టాడు, బిల్లు మీద చూసి నవ్వుకుంటూ వచ్చేశా.

ఆ నవ్వు నాలుగు రోజులే. ముందు ఆ షాపు ఆఫర్లు, పోనీ ఆషాఢం కదా అనుకున్నా. తర్వాత "పర్సాద్ గారూ, హైవే పక్కనే ప్లాట్లు" అని వాట్సాప్‌లో వచ్చింది, ఆ తర్వాత పర్సనల్ లోన్ వాళ్లు, వాళ్లకీ నేను పర్సాద్‌నే. ఆధార్ నుంచి కరెంటు బిల్లు దాకా నా పేరు ఇంకెక్కడా అలా లేదు, మరి ఆ తప్పు ఎక్కణ్ణించి బయల్దేరిందో వేరే చెప్పాలా.

నేను డీఎన్‌డీ, అంటే ప్రకటనల కాల్స్, మెసేజ్‌లు వద్దని చెప్పే ఏర్పాటు, పెట్టుకున్నవాణ్ణే. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ వాళ్లు 2025 ఫిబ్రవరిలో రూల్స్ మార్చి, కంప్లైంట్ ఇచ్చే గడువు 3 రోజుల నుంచి 7 రోజులు చేశారు, ప్రకటనలకి రిజిస్టర్ కాని నంబర్ల మీద 30 రోజులు కాదు 5 రోజుల్లోనే యాక్షన్ తీసుకోవాలన్నారు. బాగుంది, కాదనను, నాకు ఎస్సెమ్మెస్‌లు తగ్గాయి కూడా. కానీ ఆ కంప్లైంట్లు ఇచ్చే 1909 నంబర్ అనేది మామూలు కాల్స్‌కి, ఎస్సెమ్మెస్‌లకే, వాట్సాప్‌లో వచ్చేది దాని లెక్కలోకి రాదు, ఒకటి బ్లాక్ చేస్తే రేపు ఇంకో నంబర్. వీధి తలుపుకి తాళం వేసి పెరటి తలుపు బార్లా తీసి పెట్టినట్టుంది.

అందుకే కౌంటర్ దగ్గరే పట్టుకోవాలంటున్నా. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(47) చూడండి, బిల్లు ఇవ్వకపోవడం అన్‌ఫెయిర్ ట్రేడ్ ప్రాక్టీస్, కస్టమర్ నమ్మి చెప్పిన వివరాలు ఇంకొకరికి ఇచ్చెయ్యడమూ అదే. నంబర్ కోసం బలవంతపెట్టొద్దని కేంద్ర వినియోగదారుల శాఖ 2023 మేలో షాపులకి చెప్పింది కూడా, ఆ ముక్క మా ఊరి దాకా రాలేదు. తూనికలు కొలతల వాళ్లు కాటా చెక్ చెయ్యడానికి ఎలాగూ షాపులకి వస్తారు కదా, అదే చేత్తో నంబర్ లేకుండా ఓ బిల్లు కొట్టించి చూస్తే ఏం పోతుంది? జనం కూడా కౌంటర్లో బిల్లు ఇవ్వనంటే అక్కడే నిలబడి 1915కి ఫోన్ చెయ్యొచ్చు, అది కన్జ్యూమర్ హెల్ప్‌లైన్.

దసరాకి మళ్లీ అదే షాపుకి వెళ్లా (మా ఆవిడకి అక్కడి చీరలే నచ్చుతాయి, ఏం చేస్తాం). నంబర్ ఇవ్వనయ్యా అన్నా. కుర్రాడు నా మొహం చూశాడు, పది తొమ్మిదులు టకటకా కొట్టాడు, బిల్లు వచ్చేసింది.

— ప్రసాద్, రాజమండ్రి